రైలు ఇంజిన్ మోడల్‌కు కొత్త నంబరు: డెకాల్ చుట్టూ తెల్లటి మెరుపు

క్యాబ్ (డ్రైవరు ఉండే భాగం) మీద అతికించిన కొత్త నంబరు చుట్టూ తెల్లగా మెరుస్తోందంటే డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే పలచటి బొమ్మ) కింద గాలి చిక్కుకున్నట్టే. మ్యాట్ (మెరుపు లేని) పెయింట్ గరుకుగా ఉంటుంది కాబట్టి ఇలా అవుతుంది, డెకాల్‌ది తప్పేం కాదు.

1. ఆ డెకాల్‌ను నీళ్లతో నానబెట్టి మెల్లగా తీసేయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: కొత్తది అతికించే ముందు ఆ చోట గ్లాసీ వార్నిష్ పలచగా కొట్టి, ఒక రోజు ఆరనివ్వాలి. మన అనంతపురం ఎండలో మధ్యాహ్నం కొడితే స్ప్రే గాల్లోనే ఆరిపోయి పొడిలా పడుతుంది, మళ్లీ గరుకే, అందుకే పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టండి.

3. డెకాల్ పెట్టి సెట్టింగ్ సొల్యూషన్ (డెకాల్‌ను మెత్తబరిచి అతుక్కునేలా చేసే ద్రవం) రాయండి. బుడగ వస్తే సన్న సూదితో గుచ్చి మళ్లీ రాయండి.

4. ఆరాక మ్యాట్ వార్నిష్. వాడిన ఇంజిన్‌లా కనిపించడానికి వేసే మసి, దుమ్ము రంగులు దాని మీదే వేయాలి. గుంతకల్లు మీటర్‌గేజ్ ఇంజిన్ల పాత ఫోటోలు దొరికితే, అవి ఎక్కడ ఎంత వేయాలో చూసుకోవడానికి పక్కన పెట్టుకోండి.