ఎనిమిది అడుగుల మిద్దెకు ఏ లైట్లు పెట్టుకోవాలి?

అక్కా, అనంతపురంలో మీ పాత ఇల్లు బాగుచేయిస్తున్నామని, పడసాల ఎత్తు ఎనిమిది అడుగులేనని, ఫాల్స్ సీలింగ్ వేసి అందులో చిన్న లైట్లు పెట్టుకోమని మేస్త్రీ అంటున్నాడని రాశారు. దయచేసి వేయించొద్దు. మాది కడప దగ్గర పల్లెలో బండల మిద్దె, అంటే దూలాల మీద రాతి బండలు పరిచిన కప్పు, ఎత్తు మీ ఇంటంతే. రెండేండ్ల కిందట రిపేరు చేయించినప్పుడు మేము ఒక తప్పు చేసి, విప్పించి మళ్లీ బిగించుకున్నాం.

ముందు లెక్క చూడండి. ఫాల్స్ సీలింగుకు ఐదారు అంగుళాలు పోతాయి. మిగిలేది ఏడున్నర అడుగులు. ఫ్యాన్ పొట్టి రాడ్డుతో వేసినా రెక్కలు ఇంకో అడుగు కిందికొస్తాయి. ఆ ఎత్తులో చొక్కా తొడుక్కోవడానికి చెయ్యెత్తినా రెక్క తగులుతుంది. నేల నుంచి రెక్కలకు ఏడడుగులన్నా ఉండాల. అసలు నివాస గదికి 2.75 మీటర్లు, అంటే తొమ్మిదడుగుల ఎత్తు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. మనకు అదే లేదు, ఉన్న అంగుళాలు పోగొట్టుకోవద్దు.

ఇక మేము చేసిన తప్పు. పడసాల నడుమ 22 వాట్ల గుండ్రటి ప్యానెల్ లైటు బిగించాం, ఫ్యాన్ కొక్కేనికి అడుగు దూరంలో. ఫ్యాన్ వేస్తే చాలు, రెక్కల నీడలు గోడల మీద, నేల మీద రెపరెపలాడేవి. మా జేజి సాయంత్రం కూర్చుని చాటలో బియ్యం ఏరుతుంది. ఆ నీడల్లో రాయేదో, గింజేదో తెలిసేది కాదు. ‘కండ్లు తిరుగుతాండాయిరా, ఫ్యానన్నా ఆపు, లైటన్నా ఆపు’ అనేది. మే నెలలో కడపలో ఫ్యాన్ ఆపేది ఎట్లా?

ఆ ప్యానెల్ తీసేసి వెలుతురును గోడల మీదికి మార్చాం. పడసాల 12 బై 14 అడుగులు. రెండు పొడుగు గోడలకూ పైకప్పుకు పది అంగుళాల కింద సన్నటి చెక్క పట్టీ కొట్టించి, దాని వెనక 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు ఒక్కొక్కటి పైకి చూసేట్టు పెట్టించాం. వెలుతురు కప్పుకు తగిలి కిందికి పరుచుకుంటుంది, ట్యూబు కంటికి కనపడదు, కప్పు కాస్త పైకి లేచినట్టుంటుంది. అయితే కప్పు తెల్లగా ఉంటేనే ఇది పనిచేస్తుంది. మా నల్ల బండలు వెలుతురంతా మింగేశాయి. రెండు చేతులు తెల్లసున్నం కొట్టాక గానీ ఇల్లు వెలగలేదు. పట్టీ వెనక దుమ్ము చేరుతుంది, నెలకోసారి తుడవాల్సిందే.

జేజి కూర్చునే చోట భుజానికి కొంచెం పైన 9 వాట్ల గోడ లైటు వేరుగా వేయించాం. ఇప్పుడు చాట తెచ్చుకుని నేరుగా అక్కడికే పోతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఒక్క లైటు మాత్రం మానొద్దు.

పట్టీలు వద్దనుకుంటే, కప్పుకు అతుక్కునే పలచటి సర్ఫేస్ ప్యానెళ్లు నాలుగు మూలలకూ పెట్టుకోండి, ఒక్కోటి 9 వాట్లు సరిపోతుంది. మామూలు 48 అంగుళాల ఫ్యాన్ రెక్కలు కొక్కెం నుంచి రెండడుగుల వరకూ తిరుగుతాయి. లైట్లు అంతకు బాగా బయట, గోడల వైపు ఉండాల. డబ్బా మీద 4000 కె (కెల్విన్, వెలుతురు రంగు చెప్పే అంకె) అని ఉన్నవి అడిగి తీసుకోండి. 6500 కె తెల్లటి వెలుతురు తక్కువ ఎత్తులో కండ్లకు గుచ్చుతుంది.

మీదీ బండల మిద్దె అయితే బండలకు రంధ్రాలు వేయనీయొద్దు, అదురుకు బండ పగిలితే వాన నీళ్లు దిగుతాయి. స్క్రూలు బండల కింద ఉండే కట్టెలకు, అంటే దంతెలకు, దూలాలకు బిగించమనండి. కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచి మూసేసి ఉంటే తెరిపించి అద్దం వేయించండి, పగలు లైటే అక్కర్లేదు.

వైర్ల కోసం గోడలు కొట్టించక ముందు ఒక రాత్రి పొడుగు వైరుకు లైటు తగిలించి, ఒకరిని పట్టుకోమని, మీరు రోజూ కూర్చునే చోట కూర్చోండి, మంచం మీద పడుకుని కూడా చూడండి. కంటికి కొట్టని చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, పొద్దున ఎలక్ట్రీషియన్‌కు చూపించండి.