విండోస్ 11 కొనాలా, వద్దా?

ప్రశ్న: కావలిలో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నాది. మా సిస్టమ్‌లో ఒరిజినల్ విండోస్ 10 ఉంది. దానికి సపోర్ట్ ఆగిపోయింది, విండోస్ 11 కొనాల్సిందేనని రిపేర్ చేసే అతను టెన్షన్ పెడుతున్నాడు. కొనమంటారా?
- ఒక పాఠకుడు

జవాబు: తొందరపడి డబ్బులు కట్టకండి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిన మాట నిజమే, కానీ మీది ఒరిజినల్ కాబట్టి, సిస్టమ్‌కు తగిన హార్డ్‌వేర్ ఉంటే 11కి మారడం ఉచితం. ముందు పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ యాప్‌తో చూసుకోండి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ నుంచి, టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్), కనీసం 4 జీబీ ర్యామ్ ఉండాలి. నన్నడిగితే 8 జీబీ లేకుండా షాపు పని సాగదు.

పాత సిస్టమ్ అయితే దాని కోసం లైసెన్స్ కొనడం శుద్ధ దండగ. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఉచితంగా వస్తాయి, ఈలోగా కొత్త సిస్టమ్‌కు డబ్బు కూడబెట్టుకోండి.

మీలాంటి షాపులో నాకున్న అసలు భయం వేరు: పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కు వాడే అను ఫాంట్లు, పాత ప్రింటర్ డ్రైవర్ 11లో సరిగ్గా పనిచేస్తాయో లేదో అని. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖల పని మధ్యలో మాత్రం మార్చొద్దు. ఫైళ్లన్నీ వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని, గిరాకీ తక్కువున్న రోజు చూసి మార్చండి.