దారిలో పెద్దాయన ఎదురైతే

ప్రశ్న: మాది కోవూరు. మాజీ ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు రైల్వే స్టేషన్లోనో, పెళ్లిలోనో తారసపడితే పలకరించవచ్చునా? భద్రతా సిబ్బంది ఏమంటారోనని సంకోచం.

జవాబు: తప్పకుండా పలకరించవచ్చునమ్మా. 2017 నుంచి 2022 వరకు దేశంలో రెండో అత్యున్నత పదవిలో ఉన్నా, ఆయన పుట్టింది మన నెల్లూరు జిల్లా చవటపాళెంలో, చదివింది నెల్లూరు వి.ఆర్. కళాశాలలో, 1978లో శాసనసభకు వెళ్లింది ఉదయగిరి ఓట్లతో. కనుక ఊరి పేరు చెప్పుకొని నమస్కరించడంలో తప్పేమీ లేదు. అయితే సిబ్బంది పని సిబ్బందిది. వెనుక నుంచి తోసుకురాకుండా, సంచిలో చెయ్యి పెట్టకుండా, ఎదురుగా నిలబడి, ముందు పక్కనున్న సహాయకుణ్ణి అడగండి.

ఒకసారి నెల్లూరు స్టేషన్లో ఒక మాజీ కేంద్రమంత్రి రైలు దిగినప్పుడు, సెల్‌ఫోన్లు పైకెత్తిన వారినందరినీ దాటుకుంటూ వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకొని నిలబడిన ఒక ముసలి రైతు దగ్గర ఆగి, "ఏ ఊరు పెద్దాయనా?" అని అడగడం నేను కళ్లారా చూశాను. ఆ రైతుకు వెంటనే మాట రాలేదు.

ఫోటో వద్దంటే పట్టుబట్టవద్దు. పదవి దిగినవారిని బదిలీల కోసం అడిగి ఇబ్బంది పెట్టడం మాత్రం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.