ముందు వేసవి డబ్బు, తర్వాతే కొత్త మిషన్

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. నాకు 34 ఏళ్ళు, భార్య, ఇద్దరు పిల్లలు. 2021లో ఒక ప్రెషర్ వాషర్ (గన్‌తో జోరుగా నీళ్ళు చిమ్మే మిషన్) కొని, అపార్ట్‌మెంట్ల బేస్‌మెంట్లు, కాంపౌండ్ గోడలు, పార్కింగ్ టైల్స్, కార్లు కడిగే పని మొదలుపెట్టాను. ఇద్దరు కుర్రాళ్ళు ఉన్నారు. నెలకు సగటున 1,20,000 వస్తుంది. డీజిల్, కెమికల్స్, రిపేర్లకు 30 వేలు; జీతాలు, వ్యాన్ వాయిదా, గోడౌన్ అద్దెకు 43 వేలు; ఇంటికి 32 వేలు అవుతుంది. 3 లక్షల చిట్టీకి నెలకు 10 వేలు కడుతున్నాను, ఇంకా 12 నెలలుంది. 2024 వేసవిలో నీళ్ళ సమస్యతో రెండున్నర నెలలు పని పడిపోయి, నెలకు 35 వేలే వచ్చాయి. అప్పుడు మూడు రూపాయల వడ్డీకి 1,20,000 తెచ్చాను, అది అలాగే ఉంది. ఇప్పుడు త్రీ ఫేజ్, 200 బార్ ఒత్తిడి ఇచ్చే వేడినీళ్ళ మిషన్, ట్యాంకు ట్రాలీ కలిపి 7,40,000 అవుతుంది. చిట్టీ పాడితే 2,60,000 వస్తుంది. మిగతా 4,80,000 ఒక ఫైనాన్స్ వాళ్ళు 14 శాతం ఫ్లాట్ వడ్డీకి మూడేళ్ళకు ఇస్తామంటున్నారు. తక్కువ పడితే భార్య బంగారం పెడతాను. ఈ మిషన్‌తో నెలకు 40 వేలు అదనంగా సంపాదించగలను. ఫైనాన్స్ తీసుకోనా, ముద్రా లోన్‌కు వెళ్ళనా?

జవాబు: మీరు అడిగింది ఏ అప్పు మంచిదని. నేను మాత్రం మీ ఉత్తరంలో 'అది అలాగే ఉంది' అన్న చోట ఆగిపోయాను. 1,20,000 మీద మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,600. 2024 మే నుంచి 2025 డిసెంబరు దాకా ఇరవై నెలలు. అంటే 72 వేలు వడ్డీకే పోయింది, అసలులో రూపాయి తగ్గలేదు. ఆ డబ్బు మీరు వ్యాపారం పెంచుకోవడానికి తేలేదు. పని లేని రోజుల్లో ఇల్లు గడవడానికి, కుర్రాళ్ళకు జీతాలివ్వడానికి తెచ్చారు. అప్పుడు చేతిలో పక్కన పెట్టుకున్న డబ్బు లేదు. ఇప్పుడూ లేదు.

సొంత పని చేసుకునేవాళ్ళ నుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి సగం ఇలాగే ఉంటాయి. పని బాగా నడుస్తున్నప్పుడు చేతికొచ్చిందంతా మిషన్లలోనో, షెడ్డులోనో, బండిలోనో పెట్టేస్తారు. పని ఆగిన నెలలో ఆ మిషన్ అన్నం పెట్టదు, వడ్డీ వ్యాపారి గడప తొక్కాల్సి వస్తుంది. మీ జవాబు ఇక్కడ అందరి ముందూ రాయడానికి కారణం ఇదే.

మీ పనికి ఉన్న ప్రమాదం మామూలు గిరాకీ హెచ్చుతగ్గుల్లాంటిది కాదు. 2023లో వానలు సరిగా పడక, 2024 వేసవికి బెంగళూరులో బోర్లు ఎండిపోయాయి. మార్చి 8న అక్కడి జలమండలి బండ్లు కడగడానికి, తోటలకు, నిర్మాణాలకు తాగునీళ్ళు వాడకూడదని ఆదేశమిచ్చింది. వాడితే 5,000 జరిమానా, మళ్ళీ దొరికితే రోజుకు మరో 500. ట్యాంకర్ల ధరలకు జిల్లా యంత్రాంగమే హద్దు పెట్టాల్సి వచ్చింది. తాగడానికే ట్యాంకర్ కోసం ఎదురుచూస్తున్న అపార్ట్‌మెంట్ కమిటీ బేస్‌మెంట్ కడిగించుకోదు. మీరు బయటి నుంచి నీళ్ళు తెచ్చుకుంటానన్నా నలుగురూ ఏమనుకుంటారోనని వద్దంటారు. మీ మిషన్‌లో లోపం లేదు, మీ పనితనంలో లోపం లేదు, అయినా ఆదాయం మూడో వంతు కంటే కిందికి పడిపోయింది.

తర్వాత 2025 ఫిబ్రవరిలో అదే ఆదేశం మళ్ళీ వచ్చింది. ఆ ఏడాది మే నెలలోనే బెంగళూరును వానలు ముంచెత్తాయి కాబట్టి మీరు గట్టెక్కారు. 2024 అక్టోబరులో కావేరి తాగునీటి పథకం ఐదో దశ మొదలై శివారు ప్రాంతాలకు నీళ్ళు రావడం కూడా మంచిదే. అయితే అవి మంచినీళ్ళు, మీ గన్‌కు కాదు. రెండేళ్ళలో రెండుసార్లు ఆదేశం వచ్చిందంటే ఇక ప్రతి మార్చిలోనూ వస్తుందనుకునే లెక్క వేసుకోవాలి. హైదరాబాద్‌లో ఇదే పని చేసేవాళ్ళకూ ఈ మాట వర్తిస్తుంది. 2025లో అక్కడి జలమండలి కూడా తాగునీటితో బండ్లు కడిగినవాళ్ళకు జరిమానాలు వేసింది.

ఇప్పుడు మీ అంకెలనే ఒకచోట పెడతాను. పని ఉన్నా లేకున్నా వ్యాపారానికి 43 వేలు, ఇంటికి 32 వేలు, మొత్తం 75 వేలు కావాలి. 2024 వేసవిలో వచ్చిన 35 వేలలో డీజిల్, కెమికల్స్ పోతే 26 వేలు మిగిలి ఉంటాయి. అంటే నెలకు 49 వేల లోటు. రెండున్నర నెలలకు 1,22,500. మీరు తెచ్చిన అప్పు దాదాపు ఇంతే. కొత్త మిషన్ కొన్న తర్వాత అలాంటి వేసవి వస్తే? ఆ 49 వేలకు కొత్త వాయిదా 18,933, పాత అప్పు వడ్డీ 3,600, చిట్టీ 10,000 తోడవుతాయి. లోటు నెలకు 81 వేలు దాటుతుంది. అప్పుడు మీకు మిగిలే దారి ఆ బంగారమే.

బంగారం గురించి గట్టిగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. 'తక్కువ పడితే పెడతాను' అని ఒక్క ముక్కలో రాసేశారు. వాయిదా కట్టడానికి బంగారం, ఆ వడ్డీ కట్టడానికి చేబదులు, దాన్ని తీర్చడానికి ఫోన్‌లో లోన్ యాప్. ఈ వరసలో వెళ్ళి చివరికి వ్యాన్, మిషన్ రెండూ పోగొట్టుకున్న ఒక కార్ వాష్ యజమానితో కూర్చుని నేనే లెక్కలు రాశాను. అతనికి పని రాక కాదు, ఒక్క వేసవికి సరిపడా డబ్బు లేక. మీ ఆవిడకు ఈ అంకెలన్నీ చూపించారా? చూపించకపోతే ఈ రాత్రే చూపించండి.

ఫ్లాట్ 14 శాతం అనే మాట కూడా నమ్మకండి. మీరు ప్రతి నెలా అసలు తీరుస్తున్నా, వడ్డీ మాత్రం మూడేళ్ళూ మొత్తం 4,80,000 మీదే వేస్తారు. వడ్డీ 2,01,600 అవుతుంది. మిగిలిన అసలు మీదే లెక్కగట్టే, అంటే తగ్గుతూ పోయే వడ్డీలో చెబితే అది దాదాపు 24 శాతం. అదే అప్పు 12 శాతం తగ్గుతూ పోయే వడ్డీకి దొరికితే వాయిదా 15,943 అవుతుంది, మూడేళ్ళలో లక్షకు పైగా మిగులుతుంది.

చిట్టీ పాడండి, దానికి నేను అడ్డు చెప్పను. చివరిదాకా ఆగితే మరో పాతిక వేలు ఎక్కువ రావచ్చు, కానీ మూడు రూపాయల వడ్డీ ఆ 12 నెలల్లో 43,200 తినేస్తుంది. పాట డబ్బు చేతికి రాగానే ముందు 1,20,000 తీసుకెళ్ళి ఆ అప్పు తీర్చేయండి, రాసిచ్చిన నోటు వెనక్కి తీసుకుని చింపేయండి. మిగిలిన 1,40,000 మీ వేసవి డబ్బు. వడ్డీ కట్టే పని లేదు కాబట్టి నెలకు 3,600, ఇప్పుడు మిగులుతున్న 1,400 కలిపి 5 వేలు అందులో వేస్తూ పోతే మార్చి ఆఖరుకు లక్షన్నర అవుతుంది. చిట్టీ వాయిదాతో కలిపి నెలకు 59 వేల లోటు వచ్చినా, 2024 లాంటి రెండున్నర నెలలు ఎవరి గడపా తొక్కకుండా గడుస్తాయి. అయితే ఇది మొదటి మెట్టే. నాలుగు నెలల ఖర్చు, అంటే 3 లక్షలు చేరేదాకా ఆపకండి. దీపావళి ముందు అదనంగా వచ్చే పనుల డబ్బంతా ఇందులోకే రావాలి.

ఈ డబ్బు మీ వ్యాపారం ఖాతాలో ఉండకూడదు. యూపీఐకి కలపని వేరే బ్యాంకు ఖాతాలో, వీలైతే మీ ఆవిడ పేరు మీద, ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారే సదుపాయం పెట్టించి ఉంచండి. పంపు పాడైతే ముట్టుకోకూడదు, పండక్కి ముట్టుకోకూడదు. నీళ్ళు లేక పని ఆగినప్పుడో, ఒంట్లో బాగాలేక మీరు పడుకున్నప్పుడో మాత్రమే తీయాలి. మ్యూచువల్ ఫండ్లు, షేర్ల మాట ఈ ఏడాదికి వద్దు.

మిషన్ గురించి మీకు నాకంటే ఎక్కువ తెలుసు, కానీ ఒక్క లెక్క చూడండి. నిమిషానికి 10 లీటర్లు వాడే మామూలు సింగిల్ ఫేజ్ మిషన్ గంటకు 600 లీటర్లు తాగుతుంది. 200 బార్ త్రీ ఫేజ్ మిషన్ నిమిషానికి 15 లీటర్లు లాగితే గంటకు 900. పని త్వరగా అవుతుందన్నది నిజమే, నూనె మరకలకు వేడినీళ్ళు బాగా పనిచేస్తాయన్నదీ నిజమే. నీళ్ళకే హద్దు పెట్టిన ఊళ్ళో మాత్రం ముందు కావాల్సింది నీళ్ళ దారి. మీరు పనిచేసే పెద్ద అపార్ట్‌మెంట్లలో చాలావాటికి సొంత మురుగునీటి శుద్ధి ప్లాంట్లున్నాయి. జలమండలి నిషేధం తాగునీటి మీదే, శుద్ధి చేసిన నీటి మీద కాదు. బాగా వడకట్టి, క్లోరిన్ కలిపిన ఆ నీళ్ళతో బేస్‌మెంట్, డ్రైవ్‌వే కడుగుతామని కమిటీలతో ఇప్పుడే, అంటే జనవరిలోనే, రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. పంపు సీళ్ళు పాడవకుండా ముందు మంచి ఫిల్టర్ పెట్టండి, కుర్రాళ్ళకు మాస్కులు, కళ్ళద్దాలు ఇవ్వండి. తాగునీటి ట్యాంకుల దగ్గర మాత్రం ఆ నీళ్ళు వాడకండి.

ఉన్న మిషన్‌కు పంపు సీళ్ళు, వాల్వులు మార్పించి, నేల కడగడానికి గుండ్రటి సర్ఫేస్ క్లీనర్ ఒకటి, ఒక టర్బో నాజిల్ తీసుకోండి. చదును నేల మీద ఒక్క గన్‌తో గీతలు గీసినట్టు కడగడం కంటే టైమ్, నీళ్ళు రెండూ తగ్గుతాయి. రిపేర్లకు పెట్టే డబ్బులోంచే ఇది అయిపోతుంది.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. మీకూ, కుర్రాళ్ళిద్దరికీ ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఈ వారమే చేయించండి, కుటుంబానికి హెల్త్ పాలసీ తీసుకోండి. గోడలెక్కి పనిచేసేవాళ్ళు కాబట్టి కార్మికుల పరిహారం పాలసీ గురించి ఏజెంటును అడగండి.

ముద్రా లోన్ మంచిదే, తనఖా అడగరు, ఫైనాన్స్ కంటే వడ్డీ తక్కువగా ఉంటుంది. కానీ ఈ మార్చిలోపు అదీ వద్దు. వచ్చే జనవరికి చిట్టీ అయిపోతుంది, అప్పుడు ఆ 10 వేలు, ఈ 5 వేలు కలిపి నెలకు 15 వేలు ఖాళీ అవుతాయి. అప్పటికి వేసవి డబ్బు 3 లక్షలకు చేరి ఉంటే, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు), ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు, కమిటీలతో రాసుకున్న ఒప్పందాలు పట్టుకుని ప్రభుత్వ బ్యాంకుకు వెళ్ళండి. అందుకే ఇప్పటి నుంచి ప్రతి బిల్లూ ఖాతాలోకే తెప్పించుకోండి. ట్రాలీ వదిలేసి మిషన్ ఒక్కటే కొంటే అప్పు ఇంకా తగ్గుతుంది. వాయిదా ఆ 15 వేలు దాటకూడదు. ఫైనాన్స్ వాళ్ళు ఈలోపు ఫోన్ చేసి ఆఫర్ ఈ నెలాఖరుకే అంటారు. వద్దని చెప్పి పెట్టేయండి.