రెండు శాతం అంటే దేనిలో రెండు శాతం?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఇంటి రూఫ్‌కి 13 ఏళ్లు. ఈసారి ఇంటి ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో రూఫ్‌కి ‘యాక్చువల్ క్యాష్ వాల్యూ’ (తరుగుదల పోను మిగిలిన విలువ) మాత్రమే ఇస్తామన్నారు. ప్రీమియం 400 డాలర్లు తగ్గింది. ఒప్పుకోవచ్చా? ఇంటి కవరేజీ 4.5 లక్షల డాలర్లు.

జవాబు: ఆ 400 చూసి తొందరపడకండి. పాలసీ వివరాలుండే డిక్లరేషన్ పేజీలో ‘విండ్ అండ్ హెయిల్ డిడక్టిబుల్’ (గాలి, వడగళ్ల నష్టంలో మీరే భరించాల్సిన వాటా) ఎంతుందో ముందు చూడండి. 2 శాతం అని ఉంటే అది జరిగిన నష్టంలో కాదు, ఇంటి కవరేజీలో. అంటే 9,000 డాలర్లు మీ జేబులోంచే.

కొత్త రూఫ్‌కి 20,000 అవుతుందనుకుందాం. షింగిల్స్ (రూఫ్‌పై పరిచే పలకలు) ఆయుష్షు 20 ఏళ్లని కంపెనీ లెక్కగడితే 13 ఏళ్లకు 65 శాతం తరుగుదల. మిగిలిన విలువ 7,000. దాంట్లోంచి 9,000 డిడక్టిబుల్ తీసేస్తే మీకొచ్చేది సున్నా. అదే ‘రీప్లేస్‌మెంట్ కాస్ట్’ (తరుగుదల తీయకుండా కొత్తదానికయ్యే ఖర్చు) అయితే 11,000 వస్తుంది. అది కూడా రెండు చెక్కులుగా: తరుగుదల పట్టుకుని ముందొకటి, పని పూర్తయి బిల్లు పంపాక మిగతాది. మీ లెక్కలో మొదటి చెక్కు రాకపోవచ్చు కూడా. అలాగని క్లెయిమ్ వదిలేయకండి.

కాబట్టి ఏజెంటుకు ఈమెయిల్‌లోనే అడగండి: 1 శాతం డిడక్టిబుల్‌తో రీప్లేస్‌మెంట్ కాస్ట్ ఇస్తే ప్రీమియం ఎంత? రూఫ్ వయసు ఎంతని రాసుకున్నారు? ఈ రెండోది చాలామంది అడగరు. ఇల్లు కట్టిన ఏడాదినే రూఫ్ ఏడాదిగా వేసేసుకునే సందర్భాలుంటాయి. మధ్యలో పాత యజమాని రూఫ్ మార్పించి ఉంటే ఆ బిల్లో, సిటీ పర్మిటో పంపండి, తరుగుదల శాతమే మారిపోతుంది.

వాళ్లు ఒప్పుకోకపోతే ఇండిపెండెంట్ ఏజెంటు ద్వారా మూడు నాలుగు కంపెనీల కోట్స్ తెప్పించండి. ప్రీమియం పక్కనే రూఫ్ సెటిల్‌మెంట్ పద్ధతి, డిడక్టిబుల్ శాతం రాసి పోల్చండి. అందరూ ఇదే మాటంటే సొంత డబ్బుతో రూఫ్ మార్చే ఆలోచన చేయాల్సిందే. అప్పుడు వడగళ్లకు తట్టుకునే క్లాస్ 4 షింగిల్స్ వేయించండి. టెక్సస్‌లో చాలా కంపెనీలు వాటికి ప్రీమియం తగ్గిస్తాయి. కాకపోతే ఆ తగ్గింపుతో పాటు ‘కాస్మెటిక్ డ్యామేజ్’కు, అంటే పైపైన కనిపించే నష్టానికి, డబ్బివ్వమనే షరతు అంటగడతారేమో చూసుకోండి. సొట్టలు పడినా కారనంతవరకు దానికింద పైసా రాదు.

వాన వెలిసిన మర్నాడే తలుపు తట్టి ‘డిడక్టిబుల్ మేం చూసుకుంటాం’ అనే రూఫర్లతో జాగ్రత్త. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో అది నేరం. మీరు డిడక్టిబుల్ కట్టిన రుజువు చూపేదాకా ఇన్సూరెన్స్ కంపెనీ రెండో చెక్కు ఆపవచ్చు. పైగా రూఫర్లకు ఈ రాష్ట్రంలో స్టేట్ లైసెన్సంటూ ఏదీ లేదు.

కంపెనీ మారాలనుకుంటే కొత్త పాలసీ అమల్లోకి వచ్చి, దాని కాపీ ఇంటి లోన్ ఇచ్చిన లెండర్‌కు చేరాకే పాతది రద్దు చేయండి. మధ్యలో ఖాళీ వస్తే లెండర్ తనకు నచ్చిన ఖరీదైన పాలసీ తీసుకుని ఆ ఖర్చు మీ ఎస్క్రోలో (పన్నులు, ఇన్సూరెన్స్ కట్టడానికి లోన్‌తో పాటు ఉండే ఖాతా) వేస్తాడు.