పిక్‌తోనా, వేళ్లతోనా? ముందు స్పీకర్లు చూసుకోండి

చర్చి బ్యాండ్‌లో బేస్ గిటార్ నేర్చుకుంటున్నారు, పిక్, అంటే తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ ముక్క, పట్టుకుంటే మీ మాస్టారు ఊరుకోవట్లేదు, వేళ్లతో వాయించేవాడే అసలు బేసిస్టు అంటున్నారు, ఇది నిజమేనా అని కదా మీ ప్రశ్న.

నిజం కాదు. మాస్టారి మీద గౌరవం అలాగే ఉంచుకోండి, ఆ మాట మాత్రం వదిలేయండి. నేను వైజాగ్‌లో ఆర్కెస్ట్రాలకి బేస్ వాయిస్తాను. ఇంట్లో వేళ్లే, వీధిలోకి వస్తే పిక్కే.

ఓ ఏడాది వినాయక చవితికి గాజువాకలో ప్రోగ్రాం. చవితి పందిరి అంటే తెలుసుగా, వాన పడకుండా ఉండదు. నా ఆంప్, అంటే బేస్ సొంత స్పీకరు పెట్టె, తడిసిపోతుందని ఇంట్లోనే వదిలేసి వెళ్లాను, బేస్ వైరు నేరుగా సౌండ్ మిక్సర్‌లోకి పెట్టేశారు. స్టేజీకి అటూ ఇటూ రెండు బాక్సులు, వీధి పొడవునా కరెంటు స్తంభాలకి కట్టిన హార్న్‌లు. మొదటి పాట మెలొడీ కదా అని చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి మీటుతూ హాయిగా వాయిస్తున్నా. సగం పాటలో సౌండ్ కుర్రాడు గొడుగేసుకుని స్టేజీ పక్కకొచ్చి, "ఏటన్నా, వాయిస్తన్నారా, ఊరికే నిలబడ్డారా? అక్కడ ఏటీ ఇనబడట్లేదు" అన్నాడు. వాల్యూమ్ పెంచమన్నా. పెంచితే బాక్సు గుర్రుమంది తప్ప స్వరం రాలేదు. పైగా అంతకుముందే కీచుమంటోందని కింది శబ్దమంతా, అంటే బేస్ నాబ్, తగ్గించేశాడట. కీచుమంటే తగ్గించాల్సింది పై శబ్దం కదా నాయనా! ఈ ఊళ్లో సగం మంది సౌండ్ వాళ్లకి బేస్ నాబ్ అంటే అదేదో భయం.

రెండో పాటకి పర్సులోంచి పిక్ తీశా. అరచేతి అంచుని బ్రిడ్జి దగ్గర, అంటే తీగల చివరలు బిగించిన చోట, తీగల మీద కొంచెం ఆనించి, పైనుంచి కిందకే కొడుతూ మొదలుపెట్టా. నాలుగు ఆవృత్తాలు కూడా కాలేదు, అప్పటిదాకా తన లోకంలో తను పరిగెడుతున్న ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్) కుర్రాడు తలెత్తి నా చేతి వంక చూశాడు, చూసి వేగం తగ్గించి నా తాళం మీదకొచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత పాట ఎక్కడా జారలేదు. వైరు మారలేదు, నాబ్ మారలేదు, మారిందల్లా నా చేతిలో ఉన్న ప్లాస్టిక్ ముక్కే.

కారణం పెద్ద రహస్యమేం కాదు. బేస్‌లో లావు తీగ, అంటే E స్ట్రింగ్, వట్టిగా మీటితే సుమారు 41 హెర్ట్జ్, సెకనుకి 41 కంపనాలన్నమాట. స్తంభానికి కట్టిన హార్న్‌లోంచి ఆ శబ్దం వచ్చే ప్రశ్నే లేదు. కానీ అదే స్వరంలో 82, 123, ఆ పైన బోలెడు హార్మోనిక్స్, అంటే దాంతోపాటే మోగే పై శబ్దాలు, ఉంటాయి, అవి సరిగ్గా వినబడితే కింద లేని స్వరాన్ని చెవి తనే పూరించుకుంటుంది. పిక్‌తో కొడితే ఆ పైవన్నీ గట్టిగా వస్తాయి, మెత్తటి వేలి కొస వాటిలో సగం మింగేస్తుంది. అంతే. గురజాడ కళాక్షేత్రం లాంటి హాల్లో, మంచి సబ్ వూఫర్లు పెట్టిన రోజున నేనూ వేళ్లతోనే వాయిస్తా, ఆ గుండ్రటి శబ్దం పిక్‌తో రాదు, ఒప్పుకుంటాను.

"అసలు" బేసిస్టు సంగతికొస్తే, 1951లో అమెరికాలో గిటార్లు చేసే లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ అనే బేస్ గిటార్ తెచ్చినప్పుడు వేళ్లు ఆనించుకోడానికి ఒక చిన్న పట్టీ బిగించాడు, అది సన్న తీగ వైపు, కింద ఉండేది. నాలుగు వేళ్లు దానికి తగిలించి బొటనవేలితో వాయించాలన్నమాట. మరి సంప్రదాయమే ముఖ్యమనుకుంటే మీ మాస్టారు కూడా బొటనవేలితోనే వాయించాలి! అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలకి జేమ్స్ జేమర్సన్ వాయించింది ఒక్క చూపుడు వేలితో. కెరల్ కే 1963లో గిటార్ నుంచి బేస్‌కి వచ్చి గట్టి పిక్‌తో, తీగల మీద ఫెల్ట్ గుడ్డ ముక్క పెట్టి, అమెరికాలో లెక్కలేనన్ని రికార్డింగులు వాయించింది. ఆవిడ అసలు బేసిస్టు కాదని ఎవరైనా అనమనండి చూద్దాం. అలాగని వేగానికి పిక్కే కావాలనడమూ తప్పే, ఐరన్ మెయిడెన్ అనే రాక్ బ్యాండ్ బేసిస్టు స్టీవ్ హారిస్ ఆ గుర్రపు దౌడంతా వేళ్లతోనే తీస్తాడు.

మన ఊళ్లో ఇంకో తలనొప్పి ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు ప్రోగ్రాం అంటే చెమటకి వేలు తీగకి అంటుకుపోతుంది, మర్నాటికి తీగల మీద గరుకు మొదలు. ఆరు తీగల గిటార్ సెట్టు కన్నా నాలుగు తీగల బేస్ సెట్టు ధర ఎక్కువ, ఈ న్యాయం ఏమిటో నాకిప్పటికీ అర్థం కాదు. వాయించాక పొడిగుడ్డతో తీగ కింద కూడా తుడవండి. పిక్ కొంటే మందం ఒక మిల్లీమీటరుకి తగ్గనిది కొనండి, పల్చటిది లావు తీగ తగలగానే వంగిపోయి టపటపమంటుంది తప్ప స్వరం రాదు.

ఇంతా చేసి, నన్నడిగితే బేసిస్టుకి అసలు శత్రువు పిక్కూ కాదు, వేళ్లూ కాదు, కీబోర్డు ఆయన ఎడమచెయ్యి. మనం కింద ఏం వాయిస్తున్నామో ఆయనా అదే వాయిస్తాడు, అదీ వెంట్రుకవాసి ముందో వెనకో, రెండూ కలిసి బురదైపోతుంది. ఇళయరాజా పాటల్లో బేస్‌కి ప్రత్యేకంగా ఒక ట్యూనే ఉంటుంది, దాని మీద కూడా కార్డ్, అంటే మూడు నాలుగు స్వరాలు ఒకేసారి నొక్కి, పరిచేస్తారు. ఆ ఎడమచెయ్యి ఉందన్న ధైర్యంతోనే చాలా ఆర్కెస్ట్రాల వాళ్లు బేసిస్టుని పిలవడమే మానేశారు, ఒకరి పేమెంట్ మిగులుతుంది కదా. మీ చర్చిలో కీబోర్డు ఎవరు వాయిస్తారో ఆయన్ని ఈ వారం ప్రాక్టీసులో ఓ పక్కకి పిలిచి, "అన్నా, ఒక్క పాటకి ఎడమచెయ్యి జేబులో పెట్టుకోండి" అని అడిగి చూడండి. పిక్ సంగతి మాస్టారితో తర్వాత తేల్చుకోవచ్చు.