కేబుల్ తీసేయాలా? ముందు అత్తగారి సీరియళ్లు చూడండి

మామగారికి వార్తలు, అత్తగారికి సీరియళ్లు, మీకు ఐపీఎల్; కేబుల్‌కు నెలకు 400 దండగ అనిపిస్తోందని రాశారు. వార్తల సంగతి తేలికే, తెలుగు వార్తా ఛానళ్లు చాలావరకు యూట్యూబ్‌లో ఉచితంగా ప్రత్యక్షంగా వస్తాయి. ఐపీఎల్‌కు జియోహాట్‌స్టార్ ఉంది.

చిక్కంతా సీరియళ్లతోనే. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో. నాలుగింటికీ చందా కడితే పెద్దగా మిగలకపోవచ్చు. పైగా రిమోట్‌లో నంబరు నొక్కే అలవాటున్న మనిషి, యాప్ తెరిచి, ప్రొఫైల్ ఎంచుకుని, సీరియల్ వెతుక్కోవాలి. రోజూ సాయంత్రం మిమ్మల్నే పిలుస్తారు!

ఆవిడ ఏ ఛానళ్లు చూస్తారో ఒక వారం గమనించండి. ఒకటో రెండో అయితే కేబుల్ ధైర్యంగా మానేయండి. నాలుగూ తిప్పుతుంటే కేబుల్ ఉంచి, ఎవరూ చూడని పే ఛానళ్లు (విడిగా డబ్బు కట్టాల్సినవి) తీయించండి. 2019లో అమల్లోకి వచ్చిన ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం ఛానళ్లను విడివిడిగా ఎంచుకోవచ్చు. ప్యాకేజీయే తీసుకోవాలని ఆపరేటరు అంటే ఒప్పుకోకండి.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేకపోతే మాత్రం ఈ ఆలోచనే వద్దు. హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా ఖర్చవుతుంది, ఫోను డేటా ఏ మూలకూ రాదు.